మూరెడు గొట్టం, ఈస్ట్ హామ్ వేట

మనుషులు తమ జీవితంలో జరిగిన ఘోరాల గురించి చెప్పేటప్పుడు ఏ తుఫానుతోనో, ఏ పరీక్ష తప్పడంతోనో మొదలుపెడతారు. నా ఘోరం మటన్ కూరతో మొదలైంది. వంట గురించి మామూలుగా మాట్లాడుతూ వాడిన ఒక రెండక్షరాల మాట నన్ను తీసుకెళ్ళి ఇంగ్లండులో ఒక ఇసుక దిబ్బ ముందు, మూరెడు గొట్టమున్న రివాల్వర్ చేతికిచ్చి నిలబెట్టింది. ఆ రోజు అక్కడున్న వాళ్ళెవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. పోయింది నా పరువొక్కటే. అది కూడా మా మామగారి కళ్ళెదుటే పోయింది.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక అద్దె ఫ్లాట్, కొత్త కాపురం. మాది తణుకు దగ్గర. నా భార్య హేమది జమ్మలమడుగు వైపు. వాళ్ళ నాన్నగారికి శనక్కాయ చేలున్నాయి, ఆ చేల మీద పడే అడవి పందులున్నాయి, ఆ పందుల్ని బెదిరించడానికి లైసెన్సు ఉన్న జంట గొట్టాల తుపాకీ ఉంది. మనిషి ఆరడుగులు. మీసం వేరే లెక్క. ఆయన దృష్టిలో కుర్చీలో కూర్చుని చేసేదేదీ పని కాదు. పెళ్ళిచూపుల్లో నా ఉద్యోగం ఏమిటో నేను అరగంట పాటు చెమటలు కక్కుతూ వివరించాక, ఆయన పక్కనున్న పెద్దమనిషికి దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. "టైపు కొడతాడంట."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్‌లో నాతో ఆయన మాట్లాడేది ఒకటే. "ఏమప్పా, టైపు బాగా కొడతాండావా?" కొడుతున్నానండి అని నేననేవాణ్ణి. "సరే, పాపకియ్యి" అనేవారు. నా వాటా అక్కడితో ముగిసేది. ఆయన నన్ను ఒక్కసారి కూడా అల్లుడా అని పిలవలేదు. నాకది లోపల ఎక్కడో గుచ్చుకునేది, కానీ అల్లుడా అని పిలవండి అని ఎవరైనా అర్జీ పెట్టుకుంటారా చెప్పండి.

ఇక ఆ రెండక్షరాల మాట దగ్గరికి వద్దాం. మా గోదావరి జిల్లాల్లో వేట అంటే మటన్. "ఆదివారం వేట తెచ్చారా?" అని మా అమ్మ అడిగితే తుపాకీ పట్టుకుని అడవికి వెళ్ళారా అని కాదు, సంచీ పట్టుకుని కొట్టుకి వెళ్ళారా అని అర్థం. మామగారి ఊళ్ళో వేట అంటే వేటే. అడవి, తుపాకీ, పరిగెత్తే జంతువు, అన్నీ ఉండాలి. ఈ తేడా నాకు తెలియదని కాదు. లండన్‌లో మనవాళ్ళ కొట్లుండే ఈస్ట్ హామ్ పేటకి వెళ్ళొచ్చిన మర్నాడు, ఆ ఆదివారం నాకు గుర్తు రాలేదు, అంతే.

"నిన్నంతా ఫోను ఎత్తలేదే. యాడికి పొయినారు?" అన్నారాయన.

"వేట కోసమని ఈస్ట్ హామ్ వెళ్ళామండి మామయ్యగారూ."

అవతల చడీచప్పుడు లేదు. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయాయనుకున్నాను.

"వేటకా? నువ్వా?"

"అవునండి. మా బ్రాక్‌నెల్‌లో మంచిది దొరకదు. అక్కడైతే లేతది దొరుకుతుంది."

"ఒగనివే పొయినావా?"

"స్నేహితుడు కూడా వచ్చాడండి. చెరిసగం పంచుకున్నాం."

"అదీ పద్ధతి. వేటకి ఒంటిగా పోగూడదు. ఆడ జనం తిరగతాంటారా?"

"శనివారం కదండీ, ఇసకేస్తే రాలదు."

"జనం మధ్యలో కొట్టినారా?" ఆయన గొంతులో కంగారు వినిపించింది.

"అందరి ముందే కొడతారండి. మనకి ఏది కావాలో చూపిస్తే చాలు."

 తరవాత, పెళ్ళయ్యాక మొదటిసారి, గౌరవం నిండిన గొంతుతో అడిగారు. "అల్లుడా, నీ తుపాకి యా రకంది?"

పాఠకులారా, నాకు విషయం అప్పుడు తెలిసింది. వేటంటే మటనండి మామయ్యగారూ, అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తే అంతా తేలిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, ఫోన్ హేమ చేతికి వెళ్ళేది, నేను మళ్ళీ టైపు కొట్టుకునేవాణ్ణి. కానీ ఆయన అల్లుడా అన్నారు. ఆ పిలుపు చెవిలో పడ్డాక నా బుద్ధి నా మాట వినడం మానేసింది.

ఆఫీసులో నా పక్క సీట్లో నైజెల్ అనే ఆయన కూర్చునేవాడు. ప్రతి సోమవారం పొద్దున్నే, తాను సభ్యుడిగా ఉన్న గన్ క్లబ్ గురించి చెప్పి నా చెవులు చిల్లులు పొడిచేవాడు. మొన్ననే ఏదో పొడుగు గొట్టం రివాల్వర్ గురించి గంటసేపు మాట్లాడాడు. అది నా నాలుక చివరన సిద్ధంగా ఉంది.

"రివాల్వర్ అండి. పొడుగు గొట్టంది. గురి పెట్టడానికీ పనికొస్తుంది, వేటకీ పనికొస్తుంది."

"ఎంత పొడుగుంటాది?"

"ఒక మూరుంటుందండి."

ఎందుకన్నాను మూర అని? నాకిప్పటికీ తెలియదు. జానెడు అనొచ్చు, చాలా పొడుగు అనొచ్చు. బహుశా హేమకి మల్లెపూలు కొన్న రోజులు గుర్తొచ్చి ఉంటాయి. వారం తిరగకుండా జమ్మలమడుగులో అందరికీ ఆ మూర తెలిసిపోయింది. మళ్ళీ ఆదివారం ఆయన ఇంకో మాట చెప్పారు. "వచ్చే ఎండాకాలం నేనొస్తాండా అల్లుడా. నీ రివాల్వరు కండ్లారా జూడాల. ఒగనాడు నన్ను ఈస్ట్ హామ్ అడివికి దీస్కపో."

హేమకి సంగతంతా చెప్పాను. నవ్వి నవ్వి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. లేచాక కళ్ళు తుడుచుకుని చెప్పింది. "మా నాయనకి అబద్ధం జెప్పినోల్లు మా ఊర్లో ఎవురూ ల్యారు."

"అసలెవరూ లేరా?"

"ఉన్యారు. ఇప్పుడు ఆ ఊర్లో ల్యారు."

నా ముందు రెండు దారులున్నాయి. నిజం చెప్పడం ఒకటి, అబద్ధాన్నే నిజం చేసెయ్యడం ఇంకొకటి. తెలివైనవాడు మొదటిది పట్టుకుంటాడు. నేను సోమవారం పొద్దున్నే నైజెల్‌ని పట్టుకున్నాను.

అతను చెప్పినదాన్ని బట్టి, ఈ దేశంలో చేతి తుపాకుల్ని నిషేధించి అప్పటికే కొన్నేళ్ళయింది. అయితే చట్టం దగ్గర ఒక కొలబద్ద ఉంది. గొట్టం అడుగుకి తగ్గకుండా, మొత్తం పొడుగు రెండడుగులకి తగ్గకుండా ఉంటే అది ఆ నిషేధం కిందికి రాదట. అందుకని తయారుచేసేవాళ్ళు గొట్టాన్ని ముందుకి సాగదీసి, ఆ పొడుగు చాలక, పిడి వెనకాల ఒక ఇనుప కడ్డీని తోకలా బిగిస్తారు. అలాంటిది కావాలంటే ముందు క్లబ్బులో చేరాలి, నెలల తరబడి నేర్చుకోవాలి, ఆ తరవాత పోలీసులు ఇంటికొచ్చి చూసి, సరేననుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. ఎండాకాలానికి ఇంకా వ్యవధి ఉంది. చేరిపోయాను.

ఆ చలికాలమంతా ఆదివారాలు వానలో తడుస్తూ క్లబ్బు రైఫిళ్ళతో కాల్చడం నేర్చుకున్నాను. ఒక విషయం ఒప్పుకోవాలి, అది నాకు విపరీతంగా నచ్చింది. ఊపిరి బిగబట్టి, అట్ట మీద నల్ల చుక్క తప్ప లోకంలో ఇంకేమీ లేదనుకుని వేలు నొక్కడంలో ఒక హాయి ఉంది. నేను పెద్ద గురికాణ్ణేమీ కాదు, కానీ అట్టకి తగిలేది. నైజెల్ కూడా పర్లేదన్నాడు. ఇంగ్లీషువాళ్ళు పర్లేదన్నారంటే మన లెక్కలో అది పూలదండ.

వసంతకాలం మొదట్లో పోలీసుల తరఫున ఒక అధికారి ఇంటికొచ్చాడు. పెద్దమనిషి, నిదానస్తుడు. హేమ ఇచ్చిన టీ తాగాడు, మిక్చర్ తిన్నాడు, తుపాకీ దాచడానికి గోడకి బిగించిన ఇనుప బీరువాని గుంజి చూశాడు. తరవాత పెన్ను తీసి, మీకిది దేనికి అని అడిగాడు. ఇన్ని నెలల బట్టి మామగారికి చెప్పీ చెప్పీ నా నోటికి ఒకే జవాబు అలవాటైపోయింది. టార్గెట్ షూటింగ్‌కి, హంటింగ్‌కి అన్నాను. ఆయన పెన్ను ఆగింది. రివాల్వర్‌తో హంటింగా, ఏ జంతువుని అని అడిగాడు. నా బుర్రలో వేట అన్న మాట ఒక చుట్టు తిరిగి, నోట్లోంచి "మటన్" అని ఊడిపడింది.

ఆయన పెన్నుకి మూత పెట్టాడు.

"గొర్రెలా అండీ?" అన్నాడు మర్యాదగా. "ఎవరి గొర్రెలు?"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. హేమ నవ్వు ఆపుకోలేకపోయిందన్నమాట. నేను కంగారుగా, అది మా భాషలో వచ్చిన చిక్కు అని, ఎవరి గొర్రెల మీదా నాకు ఏ దురుద్దేశమూ లేదని పావుగంట విన్నవించుకున్నాను. ఈ దేశంలో జంతువుల వేటకి రివాల్వర్ పట్టుకెళ్ళడం కుదరదని, దాన్ని క్లబ్బులో అట్టల మీద మాత్రమే కాల్చాలని ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. సరేనండి, వేట మాట వదిలేద్దాం అన్నాను. అదే అందరికీ క్షేమం, ముఖ్యంగా గొర్రెలకి, అని ఆయన ఇంకో గుప్పెడు మిక్చర్ తీసుకున్నాడు. సర్టిఫికెట్ ఎలా ఇచ్చాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మిక్చర్ మహిమ అంటుంది హేమ.

ఇక ఎంపిక. మీరు ఈ కథలో నా తెలివిని మెచ్చుకోవడానికి ఏమైనా మిగిలిందా అని వెతుకుతుంటే, ఇక్కడితో వెతకడం ఆపెయ్యండి.

ఒక శనివారం నైజెల్ నన్ను ఊరికి దూరంగా ఉన్న తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణందారు సన్నగా, తెల్లటి గడ్డంతో, ఎవరికీ తొందర లేదన్నట్టు ఉన్నాడు. అడుగు గొట్టమున్న రివాల్వర్ ఒకటి బల్ల మీద పెట్టాడు. నా ఊహల్లో రివాల్వర్ అంటే సినిమాలో గుర్రం దిగిన హీరో నడుముకి వేలాడేది. ఇది నడుముకి వేలాడదీస్తే మోకాలు విరుగుతుంది. ముందు పైపు, వెనకాల కడ్డీ, మధ్యలో రివాల్వర్ ఉందో లేదో వెతుక్కోవాలి. ప్లంబర్ సంచిలోంచి జారిపడ్డ వస్తువులా ఉంది. అయినా చేతిలోకి తీసుకుంటే ఒద్దికగా నిలబడింది. చెయ్యి చాపితే గొట్టం కదలకుండా ఉంది.

ఇది నీకోసమే చేసినట్టుంది అన్నాడు నైజెల్. దుకాణందారు కూడా తలూపాడు.

నేను మాత్రం దాన్ని బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిని గొట్టం మొదట్లో ఆనించి, వేళ్ళు చాపి కొలిచాను. మా తణుకు మార్కెట్లో పూలమ్మే ఆవిడ కొలిచినంత శ్రద్ధగా కొలిచాను. అడుగు గొట్టం నా అరచేతి మధ్య దాకా కూడా రాలేదు.

"ఇంకా పొడుగుది ఉందా?" అని అడిగాను.

దుకాణందారు నా చేతి వంక, గొట్టం వంక చూసి, ఏమిటి కొలుస్తున్నారని అడిగాడు. మూర అన్నాను.

"మూర అంటే?" అన్నాడు నైజెల్.

"మా మామగారు," అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. దుకాణందారు లోపలికెళ్ళి, దుమ్ము తుడుచుకుంటూ ఒక పెట్టె తెచ్చాడు. ఎవరో ప్రత్యేకంగా చేయించుకుని, ఒకసారి పట్టుకుని చూసి, మళ్ళీ రాలేదట. పెట్టె తెరిచాడు. గొట్టం నా మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా అచ్చంగా సరిపోయింది. నా ఆనందం ఏం చెప్పమంటారు, పిల్లకి తగిన వరుడు దొరికిన తండ్రిలా అయిపోయాను.

ఎత్తి పట్టుకున్నాను. గొట్టం కొంచెం ఆలోచించి, మెల్లగా తల దించేసింది. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ దించింది. దుకాణందారు పాపం నిజాయితీగానే చెప్పాడు, ముందు వైపు బరువెక్కువైంది, దీంతో మీరు పోరాడుతూనే ఉండాలి, మొదటిది తీసుకోండి అని. నైజెల్ నా మోచెయ్యి గిల్లాడు. కానీ నాకు గురి కావాలా, మూర కావాలా? నిస్సిగ్గుగా చెబుతున్నాను, మూరే కావాలి. కొనేశాను.

ఎండాకాలం వచ్చింది, మామగారు వచ్చారు. హీత్రో విమానాశ్రయంలో ఆయన పెట్టె నేను ఎత్తలేకపోయాను. ఇంటికొచ్చి తెరిస్తే అందులో ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు, దొంగని కొడితే చచ్చేంత పెద్ద టార్చిలైటు, అడుగున వేట కూర కోసమని అత్తగారు దంచి పంపిన కారప్పొడి ఉన్నాయి. కాఫీ కూడా తాగకుండా "యాడుండాది?" అన్నారు.

బీరువా తెరిచి బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి రివాల్వర్ పెట్టాను. లైసెన్సు లేనివాళ్ళ చేతికివ్వకూడదండి అన్నాను. తుపాకీ ఉన్న మనిషి కాబట్టి ఆ మాట ఆయనకి వెంటనే అర్థమైంది. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ ప్రదక్షిణ చేశారు.

"ఎనక ఈ తోకేంది?"

"చట్టం కోసమండి."

"చట్టానికి తోకెందుకప్పా?"

దానికి జవాబు ఆ చట్టం రాసినవాళ్ళ దగ్గర కూడా ఉండి ఉండదు. తరవాత ఆయన వంగి, గొట్టానికి తగలకుండా, పక్కనే తన చెయ్యి ఆనించారు. మోచెయ్యి మొదట్లో పెట్టారు. వేళ్ళు చాపారు.  ఆరడుగుల మనిషి మూర, నా మూర ఒకటి కాదన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఆయన వేళ్ళు గొట్టం దాటి బల్ల మీదికి వచ్చేశాయి.

"నాలుగు వేళ్ళు తక్కువుండాదే," అన్నారు విచారంగా.

బంగారంలాంటి మొదటి రివాల్వర్‌ని వదులుకుని, ఆ తల దించుకునే దాన్ని కొన్నది ఇందుకా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. హేమ లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ్నుంచి దిండులో మొహం పెట్టి నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

ఆ ఆదివారం క్లబ్బుకి వెళ్ళాం. మామగారు ఖాకీలు తొడుక్కుని, తలపాగా మీద చెవులకి అడ్డంపెట్టే డిప్పలు తగిలించుకుని, వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆ మీసం చూసి సభ్యులందరూ ఈయనెవరో రిటైరైన సైన్యాధికారి అనుకుని వరసగా వచ్చి కరచాలనం చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, వాళ్ళకి తెలుగు రాదు. "మై సన్ ఇన్ లా" అని మాత్రం నా వైపు చూపిస్తూ అందరికీ చెప్పారు. హేమ ఆ నాలుగు ముక్కలు ఆయనకి పొద్దున్నే నేర్పింది.  అంత సంతోషంగా, అంత భయంగా నేను ఎప్పుడూ లేను.

ఆ రోజు అజమాయిషీ నైజెల్‌ది. ఎదురుగా ఇసుక దిబ్బ, దాని ముందు రెండు కొయ్యల మీద అడ్డంగా ఒక పొడుగాటి చెక్క, ఆ చెక్కకి వరసగా అందరి అట్టలూ గుచ్చి ఉన్నాయి. కాల్చమని నైజెల్ కేక వేశాడు. నేను రివాల్వర్ ఎత్తాను. గొట్టం నల్ల చుక్క మీద ఒక క్షణం నిలబడి, యథాప్రకారం వినయంగా తల దించింది. వేలు నొక్కేశాను. గుండు అట్టకి చాలా ముందే నేలలోకి వెళ్ళి ఇసుక లేపింది. మళ్ళీ కాల్చాను. ఇంకా ముందే ఇసుక లేచింది. వెనక బెంచీ కిర్రుమంది. మామగారు ముందుకి వంగారన్నమాట.

పంతం పట్టి, పళ్ళు బిగించి, రెండు చేతులతో పిడి బిగించి గొట్టాన్ని పైకి లేపి పట్టుకున్నాను. ఈసారి అది కిందికి దిగలేదు, పక్కకి జరిగింది. ఢామ్మంది. గుండు వెళ్ళి ఏళ్ళ తరబడి వానల్లో నానిన కుడివైపు కొయ్యకి తగిలింది. కొయ్య కాసేపు ఏమీ కానట్టే నిలబడింది. తరవాత నిట్టూర్చినట్టు చప్పుడు చేసి నడుం విరిచింది. దాంతోపాటు అడ్డచెక్క, చెక్కతోపాటు అందరి అట్టలూ, నిదానంగా, మర్యాదగా, వరసగా సాష్టాంగపడిపోయాయి.

కాల్పులు ఆపమని నైజెల్ అరిచాడు. ఆపడానికి కాల్చేవాళ్ళెవరూ లేరు. సభ్యులు ఒక్కొక్కరే చెవి డిప్పలు తీసి, ఎదురుగా ఖాళీగా ఉన్న ఆకాశాన్ని చూస్తున్నారు. నైజెల్ నా రివాల్వర్ ఖాళీ చేయించి, దగ్గరికెళ్ళి కొయ్యని పరిశీలించి వచ్చాడు. "అభినందనలు," అన్నాడు. "అందరివీ కొట్టేశావు." ఇంగ్లీషువాళ్ళు ఎంత మర్యాదస్తులంటే, ఇలా ఎవరికైనా జరగొచ్చని ప్రతి ఒక్కరూ నా భుజం తట్టి వెళ్ళారు. ఎవరికీ జరగలేదని అందరికీ తెలుసు.

 తిరిగి వస్తుంటే కారులో మామగారే నన్ను ఓదార్చారు.

"కొయ్యదేముండాదిలే అల్లుడా, కదలనిది. కదిలే జంతువు ముందర నీ పనితనం జూస్తా. శనివారం ఈస్ట్ హామ్ పోదాం పా."

ఆ వారమంతా నిజం చెప్పాలని ప్రయత్నించాను. టీ ఇస్తూ మొదలుపెట్టేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవారు, నా నోరు మూతపడేది. నువ్వు జెప్తావా, నన్ను జెప్పమంటావా అని హేమ నిలదీసింది. నేనే చెబుతానన్నాను. శనివారం పొద్దున్న ఆయన ఖాకీలు తొడిగి, బూట్లు బిగించి, టార్చిలైటు పట్టుకుని కారు పక్కన నిలబడ్డారు. రివాల్వరు తేలేదే అని అడిగారు. అక్కడ అవసరం లేదండి అన్నాను. అది మాత్రం నిజమే.

లండన్ చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఆయన అడివెప్పుడొస్తాది అని అడుగుతూనే ఉన్నారు. దగ్గర్లోనే అని నేను చెబుతూనే ఉన్నాను. చివరికి ఈస్ట్ హామ్‌లో, చీరల కొట్లకీ కూరగాయల బుట్టలకీ మధ్య కారు ఆపాను. ఆయన దిగారు. ఖాకీ నిక్కరు, బూట్లు, టార్చిలైటు. బెండకాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. ఎదురుగా మటన్ కొట్టు, అద్దం వెనక వరసగా వేలాడుతున్న మేకలు.

"అడివి యాడ అల్లుడా?"

"ఇదేనండి మామయ్యగారూ," అన్నాను తల దించుకుని, నా రివాల్వర్‌లాగే. "మా వైపు వేటంటే మటన్ అండి."

ఆయన అద్దం వైపు చూశారు, నా వైపు చూశారు.

"అంటే ఆ పొద్దు ఫోన్లో జెప్పింది..."

"మటనేనండి."

"జనం మధ్యలో కొట్టింది..."

"కత్తితోనండి."

"మరి రివాల్వరు?"

"మీరు అడిగాక కొన్నానండి. మీరు నన్ను మొదటిసారి అల్లుడా అన్నారు. అది పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు."

 నవ్వుల కథలో ఇలాంటివి రాయకూడదు, కానీ జరిగిందదే. ఆయన మీసం ఒకసారి తుడుచుకున్నారు. "ఎర్రి నాయనా," అన్నారు మెల్లగా. "ఆ పిలుపు కోసరం మూరెడు తుపాకి కొంటివా?" తరవాత ఆ నవ్వు మొదలైంది. అది ఆయన పొట్టలో పుట్టి, మీసాన్ని ఊపి, టార్చిలైటుని చేతిలోంచి కింద పడేసింది. బెండకాయల ఆడవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నవ్వడం అయ్యాక ఆయన నడుం సరిచేసుకుని, అసలైన వేటగాడిలా బూట్లు టకటకలాడించుకుంటూ కొట్లోకి నడిచి, మేకలన్నిటినీ ఒక్కొక్కటే పరీక్షించి, మూలనున్న దాన్ని వేలితో చూపించారు. ఆ రోజు అత్తగారి కారప్పొడితో వండిన కూర లాంటిది నేను మళ్ళీ తినలేదు.

మర్నాడు పొద్దున నేను గిన్నెలు తుడుస్తుంటే ఆయన తన స్నేహితుడు ఓబులేసుకి ఫోన్ చేశారు.

"పొయినాం ఓబులేసూ. ఈస్ట్ హామంటే అట్లాంటిట్లాంటి తావు గాదు. జీవాలు వరసగా ఉండాయి, ఒగటీ కదల్లేదనుకో. నేను బాగా జూసి, మూలనుండేదాని మింద గురి పెట్టినా. అంతే, దెబ్బకి ఒగ ముక్క గాదు, నూరు ముక్కలు. మా అల్లుడా? నా పక్కనే ఉన్యాడు. వాని రివాల్వరు మూరుంటాది. నా మూర గాదు, వాని మూర."

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక్క మాట అబద్ధం లేదు. ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు.

"అల్లుడా, ఓబులేసు ఇంగా నలుగుర్ని యెంటబెట్టుకోని వచ్చే ఎండాకాలం వస్తాడంట, ఈస్ట్ హామ్ వేటకి. రమ్మందునా?"

రివాల్వర్‌ని తిరిగి దుకాణానికి ఇచ్చేశాను. ఆ గడ్డం ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, దాన్ని మళ్ళీ అదే పెట్టెలో, అదే దుమ్ములో పెట్టేశాడు. క్లబ్బు కొయ్యని నేనే కొత్తది పాతి ఇచ్చాను. ఇక అప్పుడే ఇలా ప్రమాణం చేసుకున్నాను. నా బొందిలో ప్రాణముండగా ఫోన్‌లో మటన్‌ని మటన్ అనే అంటాను. నా మూరతో మల్లెపూలు తప్ప మరేదీ కొలవను. వచ్చే ఎండాకాలం ఓబులేసుగారి బృందాన్ని ఈస్ట్ హామ్ తీసుకెళ్ళినప్పుడు కూడా ఆ కొట్టు ముందు నేను నోరు తెరవను. అక్కడ మాట్లాడే పని మా మామగారిదే.